గ్రాముల లెక్క కొల్లేటి రోడ్డు మీద చెల్లదు

రోడ్ బైకు కొన్నాక ముందుగా మార్చాల్సింది చక్రాలే అనే మాట సైకిల్ తొక్కే కుర్రాళ్లలో బాగా నాటుకుపోయింది. కంపెనీతో వచ్చిన చక్రాలు బరువు కాబట్టి వాటిని తీసేసి, పుల్లలు తక్కువున్న తేలిక చక్రాలు వేసుకోవాలి. స్తోమత ఉంటే ఎత్తు రిమ్ముల కార్బన్ చక్రాలకే వెళ్లాలి. రోజూ వేటి మీద సాధన చేస్తే పందెం నాడు వాటి మీదే నిలబడగలం. ఇదీ ఆ వాదన. చలికాలపు సాధనకు వేరే గట్టి చక్రాలు ఉంచుకోమని ఎవరైనా అంటే, అది మంచు కురిసే దేశాల సంగతి, అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి వాళ్లకు అవసరం, ఉంగుటూరులో మనకెందుకు అని కొట్టిపారేస్తారు.

ఈ వాదనలో నిలబడే మాట ఒక్కటీ లేదు. కొల్లేటి చుట్టుపక్కల చలికాలంలో సాధన చేసేవాడు చక్రాన్ని త్రాసులో పెట్టి చూడకూడదు. అది వరుసగా ఎన్ని ఉదయాలు తనను రోడ్డెక్కిస్తుందో చూడాలి. చెడితే ఎంత దగ్గరలో, ఎంత తొందరగా, ఎవరి చేతుల్లో బాగవుతుందో చూడాలి. ఈ రెండు పరీక్షలకూ నిలిచేది 32 పుల్లలు అల్లిన, ఇత్తడి నిపుల్సు వేసిన, వెడల్పు టైరు ఎక్కే మామూలు అలాయ్ రిమ్ము చక్రమే.

ముందు చలికాలం సంగతి తేలుద్దాం. మన దగ్గర మంచు గడ్డకట్టదు, నిజమే. కానీ సైకిల్ సాధనకు మనకున్న కాలం అదొక్కటే. మార్చి దాటిందంటే పొద్దున ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటుంది. మే నెలలో ఏలూరులో 40 డిగ్రీలు దాటడం మామూలు. జూన్‌లో వానలు దిగుతాయి, అక్టోబరు దాకా వాయుగుండాలు వదలవు. ఇక మిగిలింది కార్తీకం నుంచి మాఘం దాకా ఉన్న నాలుగు నెలలు. ఏడాది మొత్తానికి కావాల్సిన ఒంటిసత్తువ ఆ నాలుగు నెలల్లోనే కూడబెట్టుకోవాలి.

సరిగ్గా ఆ నెలల్లోనే మన రోడ్లు చక్రాలను ఎక్కువగా పాడుచేస్తాయి. నవంబరులో సార్వా కోతలు ఊపందుకుంటాయి. ధాన్యం ట్రాక్టర్లు చేలోంచి నేరుగా తారు రోడ్డెక్కుతాయి. వాటి టైర్ల గాళ్లలో ఇరుక్కున్న బంకమట్టి పెళ్లలు పెళ్లలుగా దారి పొడవునా రాలుతుంది. కోతలు అయ్యీ అవగానే దాళ్వాకు దమ్ము మొదలవుతుంది. దమ్ము చక్రాలు తగిలించిన ట్రాక్టరు ఈ చేలోంచి ఆ చేలోకి మారడానికి వంద గజాలు రోడ్డు మీద నడిచినా చాలు, తారు మీద జానెడు జానెడు దూరంలో అడ్డగాట్లు పడిపోతాయి. పొగమంచులో ఆ గాట్లు కనిపించవు, చేతులకు తగిలాకే తెలుస్తాయి. వాటి మీదుగా 30 కిలోమీటర్ల వేగంతో పోతే రిమ్ము తినే దెబ్బ ఒక్కటి కాదు, వరుసగా పది పదిహేను.

నారాయణపురం దగ్గర పాత 5వ నంబరు జాతీయ రహదారి వదిలి గణపవరం వైపు తిరిగినా, నిడమర్రు మీదుగా కొల్లేటి అంచుకు దిగినా, ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టుకున్నా ఇంకో బెడద ఎదురవుతుంది. చేపల లారీలు ఐసు నింపుకుని బెంగాలుకూ అస్సాముకూ బయల్దేరే దారులవి. కరిగిన ఐసు నీళ్లు చేపల జిగురుతో కలిసి రోడ్డు మీద కారుతూనే ఉంటాయి. చెరువుల్లో చల్లే సున్నం బస్తాల నుంచి రాలిన పొడి ఆ తడిలో కలుస్తుంది. ఆకివీడు, భీమవరం వైపు పోతే రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు. సముద్రపు పోటు ఉప్పుటేరులోకి ఎగదన్నే ప్రాంతం ఇది. మంచు దేశాల్లో మున్సిపాలిటీ వాళ్లు రోడ్డు మీద ఉప్పు చల్లితే, మన దగ్గర ఆ పని నీళ్లే చేస్తున్నాయి.

దీనికి తుపాన్లను కలపండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గోదావరి డెల్టాలో కోసిన వరి పనలు నీళ్లలో నానాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరితే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లెక్కాయి. మునిగి తేలిన రోడ్డుకు వెంటనే తారు పడదు. కంకర తేలి, అంచులు కోసుకుపోయి, ఆ చలికాలమంతా అలాగే ఉంటుంది. ఇన్ని చూశాక కూడా మనకు చలికాలపు చక్రం అక్కర్లేదనే మాట ఎలా నిలుస్తుంది?

ఇక గ్రాముల లెక్కకు వద్దాం. తేలిక చక్రం వాదనకు ప్రాణం అక్కడే ఉంది. చక్రం మీద ఒక గ్రాము తగ్గితే ఫ్రేము మీద పది గ్రాములు తగ్గినట్టేనని చెబుతారు. ఇది లెక్కకు నిలవని మాట. రిమ్ము అంచున ఉన్న బరువును వేగానికి తీసుకురావడానికి, ఫ్రేము మీదున్న అదే బరువుకు పట్టేదానికి రెట్టింపు శక్తి పడుతుంది. రెట్టింపే తప్ప పదింతలు కాదు. అది కూడా వేగం పెంచే ఆ కొద్ది క్షణాల్లోనే. వేగం నిలకడగా ఉన్నంతసేపూ తిరిగే బరువుకూ తిరగని బరువుకూ తేడా ఉండదు.

అంకెల్లోనే చూద్దాం. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు అనుకుందాం. గట్టి చక్రాల వల్ల అర కిలో బరువు పెరిగిందనుకుందాం. చదునైన రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ అర కిలోను దొర్లించడానికి అదనంగా పట్టేది సుమారు 0.2 వాట్లు. అదే వేగంతో పోవడానికి కాళ్లు పెట్టే శ్రమ నూట యాభై వాట్ల పైమాటే. ఆ 0.2 వాట్లు మన కాళ్లకే కాదు, పవర్ మీటరుకూ తెలియదు. ఆగి ఉన్న సైకిలును 30 కిలోమీటర్ల వేగానికి తెచ్చేటప్పుడు ఆ అర కిలో మొత్తం రిమ్ము అంచునే ఉందనుకున్నా, అదనంగా పట్టే శక్తి నూటికి ఒకటింబావు వంతు.

పైగా మనం తొక్కుతున్న నేల ఎలాంటిది? 1999లో కొల్లేరు అభయారణ్యానికి హద్దుగా పెట్టింది సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీతను. నాచుగుంట నుంచి బాదంపూడి దాకా, అక్కడి నుంచి గణపవరం దాకా కాలువ వంతెన తప్ప ఎక్కాల్సిన ఎత్తే ఉండదు. ఎక్కుడు కావాలంటే భీమడోలు మీదుగా మెట్టకు వెళ్లి ద్వారకా తిరుమల కొండ ఎక్కాలి. అక్కడైనా అర కిలో అంటే 80 కిలోల్లో నూటికి ఒక వంతు కూడా కాదు. పది నిమిషాలు పట్టే ఎక్కుడులో నాలుగు సెకన్ల లోపు తేడా. ఆ నాలుగు సెకన్లు పందెంలో విలువైనవే, కాదనను. సాధనలో వాటి విలువ సున్నా.

పుల్లల బరువు కూడా తూచి చూడండి. 20 పుల్లల చక్రం నుంచి 32 పుల్లల చక్రానికి మారితే పెరిగేవి 12 పుల్లలు, 12 నిపుల్సు. అన్నీ కలిపితే సుమారు 85 గ్రాములు. అలాయ్ నిపుల్సు బదులు ఇత్తడివి వేస్తే చక్రానికి ఇంకో 20 గ్రాముల చిల్లర. సైకిలుకు తగిలించుకునే నీళ్ల సీసాలో 750 గ్రాముల నీళ్లు పడతాయి. సీసా నిండా నీళ్లు నింపుకోవడానికి వెనకాడనివాడు ఈ వంద గ్రాములకు భయపడడంలో అర్థం లేదు.

ఈ వంద గ్రాములు మనకు ఏం కొనిపెడతాయో తెలియాలంటే పుల్లల చక్రం బరువును ఎలా మోస్తుందో తెలియాలి. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగ పుల్లల చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1874లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ పుల్లలను హబ్బుకు ఏటవాలుగా అల్లే పద్ధతి తెచ్చాడు. నూట యాభై ఏళ్లు దాటినా మన సైకిళ్లు ఎక్కువగా ఆ అల్లిక మీదే నడుస్తున్నాయి. నులకమంచానికి నులక ఎలాగో రిమ్ముకు పుల్లలు అలాగ. బిగువు ఉన్నంతసేపే అది మోస్తుంది. పోగులు ఎన్ని ఎక్కువుంటే ఒక్కో పోగు మీద భారం అంత తగ్గుతుంది. ఒకటి తెగినా మిగతావి పడుకున్నవాణ్ణి కింద పడనివ్వవు.

రిమ్ము నేలను తాకే చోట ఉన్న రెండు మూడు పుల్లల బిగువు సడలుతుంది. చక్రం తిరిగి అవి పైకి పోగానే మళ్లీ బిగుసుకుంటుంది. 1981లో జోబ్స్ట్ బ్రాంట్ సైకిలు చక్రం మీద రాసిన పుస్తకం ఈ సంగతిని లెక్కలతో సహా స్థిరపరిచింది. రోడ్ బైకు చక్రం కిలోమీటరుకు సుమారు 470 సార్లు తిరుగుతుంది. అంటే వంద కిలోమీటర్ల సాధనలో ప్రతి పుల్లా 47 వేల సార్లు సడలి బిగుస్తుంది. పుల్ల తెగేది ఈ అలసట వల్లే. అందుకే అది గుంతలో పడ్డప్పుడు కాకుండా, మంచి రోడ్డు మీద పోతుండగా, హబ్బు దగ్గర వంగిన మెడలో, టప్పున తెగుతుంది. పుల్లలు తగ్గిన కొద్దీ ఒక్కో పుల్లలో ఈ సడలింపు పెరుగుతుంది. దాన్ని కాయడానికి బిగువు ఇంకా పెంచాలి. బిగువు పెరిగితే రిమ్ముకు నిపుల్ బెజ్జాల దగ్గర పగుళ్లు మొదలవుతాయి. గట్టి రిమ్ము వేసి 20 పుల్లలతో సరిపెట్టవచ్చనే వాళ్లకు జవాబు ఇదే.

ఒక పుల్ల తెగాక జరిగేదే అసలు పరీక్ష. 32 పుల్లల చక్రంలో ఒకటి తెగితే రిమ్ము కొద్దిగా పక్కకు లాగుతుంది. బ్రేకు వదులు చేసి, అటూ ఇటూ ఉన్న పుల్లలను అరచుట్టు సర్దితే ఇంటిదాకా తొక్కుకుంటూ రావచ్చు. 20 పుల్లల చక్రంలో ఒకటి తెగితే రిమ్ము వంకర తిరిగి ఫ్రేముకే రాసుకుంటుంది. అక్కడితో ఆ రోజు ముగిసినట్టే. పొద్దున ఆరింటికి చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు మీద సైకిలును భుజాన వేసుకుని నడవాలి. బ్రెవెట్లు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరప్రయాణాలు తొక్కేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప దారిలో బయటి సాయం తీసుకోకూడదు. అక్కడ చక్రం తేలిక గడియారానికి ఇచ్చేది నిమిషాలు. చక్రం విరిగితే పోయేది మొత్తం ప్రయాణం.

తేలిక చక్రాల వాదనకు పెద్ద ఆసరా ప్రొఫెషనల్ పందేలు. వాళ్లంతా కార్బన్ చక్రాల మీదే ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. అయితే రాళ్ల రోడ్ల పందెం పారిస్–రూబేలో ఆ ప్రొఫెషనల్సే ఏళ్ల తరబడి 32 పుల్లలు చేత్తో అల్లిన అలాయ్ రిమ్ము చక్రాలు నమ్ముకున్నారు. 2010లో ఫాబియన్ కాంచెల్లారా కార్బన్ చక్రాల మీద అక్కడ గెలిచాకే గాలి మళ్లింది. ఇప్పటికీ వాళ్ల వెనక విడి చక్రాలు కట్టుకున్న కారు ఉంటుంది, రాత్రికి చక్రాలు సరిచూసే మెకానిక్కులు ఉంటారు, చెడిపోయినదానికి డబ్బు కట్టేది వాళ్లు కాదు. ఉంగుటూరు సెంటరులో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. వాళ్ల సౌకర్యాలు లేకుండా వాళ్ల చక్రాలు మాత్రం తెచ్చుకుంటే మనకు దక్కేది వాళ్ల ఇబ్బందులే.

ఎత్తు రిమ్ముకు గాలి తక్కువ తగులుతుందన్నది నిజం. నలభై కిలోమీటర్ల పైన ఒంటరిగా తొక్కేవాడికి ఆ లాభం కొలవగలిగేంత ఉంటుంది. వేగం తగ్గే కొద్దీ అది వేగంగా కరిగిపోతుంది, గుంపు చాటున తొక్కేవాడికి ఇంకా తగ్గుతుంది. సాధనలో ఎక్కువ భాగం పాతిక, ముప్పై కిలోమీటర్ల వేగంతో నిదానంగా తొక్కేదే. పైగా చెట్టూ చేమా లేని కొల్లేటి గట్ల మీద పక్కగాలి కొట్టినప్పుడు ఎత్తు రిమ్ము హ్యాండిలును లాగేస్తుంది. ఒక పక్క చెరువు, ఇంకో పక్క లారీ ఉన్న రోడ్డు మీద ఆ లాగుడు ప్రాణాంతకం. రిమ్ము బ్రేకు ఉన్న కార్బన్ చక్రమైతే తడిలో ఆగడం కూడా ఆలస్యమే.

ఈ తప్పుకు ఎదురుగా ఇంకో తప్పు ఉంది. దాన్నీ వదలకూడదు. సాధనకు ఎంత బరువు చక్రమైతే అంత మంచిది, కాళ్లకు బలం వస్తుంది, పాత ఇనుప రిమ్ములే మేలు అనే పెద్దలున్నారు. కాళ్లకు తెలిసేది చేసిన శ్రమే తప్ప చక్రం బరువు కాదు. తేలిక చక్రం మీద 150 వాట్లు పెట్టినా, బరువు చక్రం మీద 150 వాట్లు పెట్టినా కండకు అందే పని ఒక్కటే. ఇక మెరుగు పూసిన స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు బ్రేకు దాని మీద జారిపోతుంది. పొగమంచు ఉదయాల్లో దాని మీద ప్రాణం పెట్టడం తగదు. మన నాటు సైకిలు నుంచి నేర్చుకోవాల్సింది దాని బరువు కాదు, దాని లెక్క. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక 40. వెనక చక్రం మీద ఎక్కువ భారం పడుతుంది కాబట్టి అక్కడ ఎక్కువ పుల్లలు. పాలక్యాన్లు, చేపల గంపలు, ధాన్యం బస్తాలు ఆ లెక్క మీదే డెల్టా అంతా తిరిగాయి. రోడ్ బైకులో ఆ అవసరం ఇంకా ఎక్కువ. గేర్ల చక్రాలకు చోటివ్వడానికి కుడివైపు పుల్లలు నిటారుగా నిలబడతాయి, వాటి బిగువు ఎడమవైపు కంటే రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. అలాంటి చక్రానికి పుల్లలు తగ్గించడం తిరగేసిన లెక్క.

ఇప్పుడు మరమ్మతు సంగతి. తేలిక చక్రాలు అమ్మేవాళ్లు ఇది ఎత్తరు. ఏ ఊరి సెంటరులోనైనా పాత సైకిల్ షాపులో బెండు తీయడం దగ్గరుండి చూడండి. సైకిలును తిరగేసి సీటు మీద నిలబెడతాడు. చక్రం తిప్పి, ఫోర్కుకు ఆనించిన సుద్దముక్కను రిమ్ముకు దగ్గరగా జరుపుతాడు. ఎక్కడ సుద్ద గీత పడిందో అక్కడ రిమ్ము అటువైపుకు వచ్చినట్టు. ఆ చోట అవతలి పక్క పుల్లను పావుచుట్టు బిగించి, ఇవతలి పుల్లను పావుచుట్టు వదులుతాడు. రెండేసి పుల్లలను గుప్పిట్లో పట్టి నొక్కుతాడు. వేలితో మీటి మోత వింటాడు. వదులు పుల్ల బొంగురుగా పలుకుతుంది. స్టాండూ డయలూ లేకుండా మిల్లీమీటరు లోపు వంకర తీసే చేతులవి. ఆ చేతులకు 20 బద్ద పుల్లల చక్రం ఇస్తే ఆయన అనే మాట ఒక్కటే: “పుల్లుంటే పావుగంట పనండి, ఈ పుల్ల నా దగ్గరుండదు.” ఏలూరులోనూ ఉండదు, తాడేపల్లిగూడెంలోనూ ఉండదు. ఆర్డరు పెట్టి వచ్చేదాకా ఆగాలి. చలికాలం మాత్రం ఆగదు.

మెడ వంగిన మామూలు గుండ్రటి పుల్లలు వేయించుకుంటే ఈ సమస్యే రాదు. రోడ్ బైకు పుల్ల పొడవు నాటు సైకిలు పుల్లకు సరిపోదు కాబట్టి, చక్రం అల్లించిన రోజే ఒక్కో పొడవులో నాలుగైదు పుల్లలు అదనంగా తీసుకుని ఇంట్లో పెట్టుకోవాలి. రెండు పుల్లలు ఫ్రేముకు టేపు వేసి ఉంచుకోవాలి. ఇక చేయి ఎవరిదైనా పనవుతుంది.

బేరింగుల విషయంలోనూ ఒక అపోహ ఉంది. సీల్డ్ బేరింగు హబ్బుకు నిర్వహణే అక్కర్లేదంటారు. సీలు గాలికి కొట్టుకొచ్చే దుమ్మును ఆపుతుంది గానీ, బంకమట్టి కలిసిన తడి రోజూ తగులుతుంటే ఎంతో కాలం ఆపదు. లోపల తుప్పు పట్టాక దాన్ని తీయడానికి పుల్లరు, బిగించడానికి ప్రెస్సు కావాలి. కప్పు–కోను హబ్బుకైతే రెండు కోను పానాలు, గుప్పెడు బాల్సు, చిటికెడు గ్రీజు చాలు. వెనక హబ్బుకు ఒక్కో వైపు 9 పావంగుళం బాల్సు, ముందు హబ్బుకు ఒక్కో వైపు 10 చిన్న బాల్సు. ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. సీజను మొదట్లో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఓవరాలింగ్ చేస్తే ఆ హబ్బు ఏళ్ల తరబడి నడుస్తుంది. సీల్డ్ హబ్బే కావాలంటే దాని బేరింగు నంబరు ముందే చూసుకోవాలి. 6001 లాంటి మామూలు నంబరైతే మోటార్లు బాగుచేసే షాపులో కూడా దొరుకుతుంది. కంపెనీ సొంత సైజు అయితే దాని జోలికి వెళ్లకూడదు.

ఇత్తడి నిపుల్సు మీద నేను పట్టుబట్టడానికి కారణం ఉప్పుతడి. స్టెయిన్‌లెస్ పుల్లకు అల్యూమినియం నిపుల్ తగిలిన చోట ఉప్పుతడి చేరితే అల్యూమినియమే తినేసుకుపోతుంది. కార్బన్ రిమ్ము కూడా తోడైతే ఇంకా వేగంగా పోతుంది. తెల్లటి పొడి కట్టిన నిపుల్ కీకి తిరగదు. బలం పెడితే గుండ్రంగా అరిగిపోతుంది, లేదా తల ఊడి చేతికొస్తుంది. తిరగని నిపుల్ ఉన్న చక్రానికి బెండు తీయలేం. బెండు తీయలేని చక్రాన్ని మార్చడం తప్ప గతి లేదు.

రిమ్ము బ్రేకు ఉన్న సైకిలైతే ఇంకో సత్యం ఒప్పుకోవాలి. రిమ్ము అరిగిపోయే సామాను. గణపవరం రోడ్డు మీద ఒక తడి ఉదయం తొక్కి వచ్చాక రిమ్ము పక్క గోడ మీద వేలు పెట్టి రాయండి. నల్లటి ముద్ద అంటుకుంటుంది. అందులో ఉండేది మట్టి ఒక్కటే కాదు, బ్రేకు రబ్బరు, రిమ్ము నుంచి రాలిన అల్యూమినియం పొడి కూడా. బ్రేకు దిమ్మల్లో ఇరుక్కున్న ఇసుక రేణువు బ్రేకు పట్టిన ప్రతిసారీ రిమ్మును గీస్తుంది. రిమ్ము గోడకు స్టీలు స్కేలు అడ్డంగా ఆనించి చూడండి. మధ్యలో వెలుగు సందు కనిపిస్తే గోడ లోపలికి అరిగినట్టు. కంపెనీ పెట్టిన అరుగుదల గుర్తు, అంటే చిన్న గుంట గానీ గాడి గానీ, మాయమైతే రిమ్ము మార్చే రోజు వచ్చినట్టు. ఆ మాట వినకపోతే ఒకరోజు టైరు గాలి ఒత్తిడికి గోడ పగిలిపోతుంది. కాబట్టి చలికాలంలో తినేసుకుపోయే రిమ్ము చవకదై ఉండాలి, విడిగా దొరకాలి. అదే హబ్బుకు, ఆ కొలతకు సరిపడే కొత్త రిమ్ము అల్లుకోగలగాలి. ఖరీదైన ఫ్యాక్టరీ చక్రంలో రిమ్ము పోతే హబ్బు, పుల్లలు బాగున్నా చక్రం మొత్తం అటకెక్కుతుంది.

అంటే కొనాల్సింది ఇది. రెండు గోడల అలాయ్ రిమ్ము, లోపలి వెడల్పు 19 నుంచి 21 మిల్లీమీటర్లు, నిపుల్ బెజ్జాలకు కంటెలు ఉంటే మరీ మంచిది. ముందు 28 లేదా 32, వెనక 32 పుల్లలు. తొక్కేవాడు 90 కిలోలు దాటితే వెనక 36. పుల్లలు చివర్ల 2 మిల్లీమీటర్లు, నడుమ 1.8 మిల్లీమీటర్లు ఉన్నవి. నడుమ సన్నబడిన పుల్ల కొద్దిగా సాగి దెబ్బను మింగుతుంది, మెడ మీద ఒత్తిడి తగ్గిస్తుంది. మూడు దాట్ల అల్లిక. ఫ్రేము, బ్రేకు ఒప్పుకునేంత వరకు 28 లేదా 32 మిల్లీమీటర్ల టైరు. చక్రాన్ని కాపాడే వస్తువుల్లో అన్నిటికంటే చవకది వెడల్పు టైరే.  కొత్తగా సైకిలే కొనేవాళ్లు డిస్క్ బ్రేకు ఉన్నది తీసుకుంటే రిమ్ము అరుగుదల బెడదే ఉండదు. కానీ డిస్క్ బ్రేకు పట్టిన బలం మొత్తం పుల్లల మీదుగానే రిమ్ముకు చేరుతుంది కాబట్టి, అక్కడ పుల్లలు తగ్గించే మాటే ఎత్తకూడదు.

తేలిక చక్రాలకు నేను శత్రువును కాను. పందెం రోజున, రోడ్డు బాగున్న చోట, గెలుపు సెకన్లలో తేలేప్పుడు అవి తమ పని తాము చేస్తాయి. వాటిని ఆ రోజు కోసం మంచిగా దాచుకోండి. గట్టి చక్రాల మీద నాలుగు నెలలు తొక్కి వాటికి మారినవాడికి అలవాటు పడడానికి ఒకటి రెండు రోజులు చాలు.

ఈ గ్రాముల మోజు వల్ల నష్టపోయేది డబ్బున్నవాడు కాదు. వాడు ఇంకో జత కొనుక్కుంటాడు. నష్టపోయేది కాలేజీలో చదువుతూ, ఇంట్లో ఒప్పించి, ఏడాది పాటు కూడబెట్టి సైకిలు కొన్న కుర్రాడు. బ్రేకులూ టైర్లూ బాగుచేసుకోవాల్సిన డబ్బు చక్రాలకు పోస్తాడు. డిసెంబరులో పుల్ల తెగుతుంది, సామాను రాదు, సైకిలు వరండాలో గోడకు ఆనుకుని ఉండిపోతుంది. నెల ఆగిన సాధన మళ్లీ మొదలవడం ఎంత కష్టమో తొక్కే ప్రతివాడికీ తెలుసు. వాడి కాళ్లలో సత్తువ లేక కాదు, వాడికి ఇచ్చిన సలహాలో సత్తా లేక వాడు ఆగిపోయాడు. అలాంటి సలహా ఇచ్చే ముందు పెద్దవాళ్లు, జట్లు నడిపేవాళ్లు, సైకిళ్లు అమ్మేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

అందుకే చక్రం కొనడానికి వెళ్లినవాడు బరువు ఎంత అని అడగకూడదు. దీని పుల్ల విడిగా దొరుకుతుందా, రిమ్ము విడిగా మార్చుకోవచ్చా, బేరింగు ఏ నంబరు, మా ఊరి షాపులో దీనికి బెండు తీయగలరా అని అడగాలి. ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పలేనివాడి దగ్గర, అది ఎంత తేలికైనా సరే, చలికాలానికి చక్రం కొనకండి.